చేతులు వెనక్కి పెట్టుకున్న పెద్దమనిషి

మన ఇల్లు,
వరండాలో వాలుకుర్చీ మీంచి

చిట్టితల్లికి,

ఇక్కడ మేం క్షేమంగా ఉన్నామో లేదో రాసే తీరిక నాకు లేదమ్మా! నీ ఉత్తరం పొద్దున వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ చదివిందే చదువుతున్నాను. మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకోవడం మర్చిపోయి చదివాను, అయినా అంతా అర్థమైంది! తర్వాత మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. "పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం" అన్నచోటికి వచ్చేసరికి నా గొంతు నూనె లేని కప్పీలా కీచుమంది. మీ అమ్మ కూరగాయల కత్తి కింద పెట్టి, "ఇదిగో, ఏడిస్తే ఏడవండి, చదివితే చదవండి. రెండూ కలిపి చేస్తే నాకేం తెలిసి చావడం లేదు" అంది. చివరికి ఉత్తరం లాక్కుని తనే చదువుకుంది. చదువుతూ తనూ ఏడ్చింది. నేను ఒక్క మాటంటే ఒట్టు!

కళ్లద్దాల కోసం నువ్వు పనిచేసే షాపుకి వచ్చి, అద్దాలు తీసుకున్నాక కూడా "ఫ్రేము వదులైంది" అంటూ రోజూ వచ్చాడా! గడుసువాడే. నాకు నచ్చాడు. చూడకుండానే నచ్చాడు. వాళ్ల నాన్నగారికి రంగుల కార్ఖానా ఉందని రాశావు. సరుకు కొనడానికి వెళుతూ వచ్చేవారం మన ఊరి మీదుగానే పోతారనీ, రైలు ఆగే కాసేపట్లో ప్లాట్‌ఫాం మీద నన్ను కలుస్తారనీ రాశావు. అక్కడే నాకు చెమటలు పట్టాయి.

తల్లీ, నేను బతుకంతా రేవులో క్రేను కింద నిలబడి చేతులూపినవాణ్ణి. పైన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకి నా మాట వినపడదు, నా చెయ్యే మాట. వేలు పైకి తిప్పితే లేపు, కిందికి తిప్పితే దించు, అరచెయ్యి చాపితే ఆపు. ఓడ కడుపులోంచి ఇనప బీరువాలు గుడ్లు దింపినట్టు దింపించాను. అలాంటి నాకు, ఒక పెద్దమనిషి ఎదురొస్తే ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు! దణ్ణం పెట్టనా? చెయ్యి కలపనా? వంగనా? ఎంత వంగనా? వెంటనే రాయి.

గాల్లో తేలుతున్న,
మీ నాన్న


షాపు మేడ మీద గది

నాన్నకు,

ముందు నువ్వు నేల మీదికి దిగు. ఆయనేమీ రాజుగారు కాదు. అది కార్ఖానా అంటే కార్ఖానా, షెడ్డు అంటే షెడ్డు. మనిషి పొడుగ్గా ఉంటారు, తెల్ల చొక్కా వేసుకుంటారు, మాటలు తక్కువ. ఎంత తక్కువంటే, మొన్న నేను వాళ్ల ఊరెళ్లినప్పుడు ఆయన నాతో అన్నవి మూడే ముక్కలు: "ఊ", "తిన్నావా", "ఊ". మా ఆయన (ఇంకా కాలేదులే, అలవాటు చేసుకుంటున్నాను) అదే వాళ్ల నాన్న మహా సంతోషంగా ఉన్నట్టు లెక్క అన్నాడు.

కానీ నాన్నా, ఒక్క సంగతి. ఈ పెళ్లికి ఆయన ఊ అనాలి. తల్లి పోయిన దగ్గర్నుంచీ తండ్రీ కొడుకూ ఇద్దరే. "నాన్న రాకుండా నేను పెళ్లి పీటల మీద కూర్చోలేను, నిన్ను వదులుకోనూలేను" అంటున్నాడు ఇతను. అందుకని మీరిద్దరూ కలవడం నాకు చాలా ముఖ్యం.

ఆయన గురించి ఇంకొకటి కూడా రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. పోనీలే, నువ్వే చూస్తావుగా. తప్పుగా మాత్రం అనుకోకు.

ఎలా పలకరించాలంటావా? నవ్వు. చాలు.

నీ చిట్టి


కటింగ్ షాపు బెంచీ మీంచి

తల్లీ,

నవ్వితే చాలా! ఇంత పెద్ద విషయాన్ని అంత తేలిగ్గా తీసేస్తావా! నేను పరిశోధనలో దిగాను. మన కటింగ్ షాపాయన లోకం చూసినవాడు, ఓడల మీద కూడా కత్తెర పట్టినవాడు. గడ్డానికి సబ్బు రాస్తుండగా అడిగాను.

"ఏమండీ, మనుషులు చేతులు ఎందుకు కలుపుతారు?"

"కత్తి ఉందేమో చూడ్డానికి" అన్నాడు, నా గొంతు మీద కత్తి పెట్టి.

నేను మింగబోయిన ఉమ్ము మింగకుండా ఆపాను.

"పూర్వం చొక్కా చేతుల్లో కత్తులు దాచేవాళ్లంటారు. చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపితే జారి కింద పడుతుందట. ఏమీ పడకపోతే, సరే, భోంచేద్దాం రండి."

"మరి టోపీ ఎత్తడం?"

"అది సిపాయిల దగ్గర్నుంచి వచ్చిందంటారు. మొహానికి ఇనప తొడుగు ఉంటుందిగా, అది ఎత్తి, నేనేరా బాబూ, కొట్టకు అని."

"వంగడం?"

"మెడ అప్పజెప్పడం. ఇదిగో నా మెడ, నరికితే నరుకు అని. నా షాపులో అందరూ చేసేది అదే. పైగా నాకే డబ్బులిస్తారు."

"దణ్ణం?"

ఆయన కత్తి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కలిపి చూసుకున్నాడు. "ఇప్పుడు నేను మీకు గడ్డం గీయగలనా? గీయలేను. రెండు చేతులూ దేనికీ పనికిరాకుండా పోయాయి. అదేనేమో మరి. అన్నీ ఒకటేనండీ. నీ ఎదుట నేను కాసేపు చేతకానివాణ్ణి, నువ్వు నన్నేమీ చెయ్యవని నా నమ్మకం. అంతే."

ఎంత మాట! సబ్బు మొహంతోనే లేచి ఆయన్ని కావలించుకున్నాను. ఆయన చొక్కా పాడైంది. మన్నించాడు.

ఇవన్నీ నిజమో, ఆయన కల్పించినవో నాకు తెలియదు. కానీ సాధన మొదలుపెట్టాను. పొద్దున పోస్టుమ్యాన్‌కి నడుము దాకా వంగాను. ఆయన కంగారుపడి తనూ వంగాడు. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి. పక్కింటావిడకి గుండె మీద చెయ్యి పెట్టి తలవంచితే, "అయ్యో, నొప్పిగా ఉందా" అని మంచినీళ్లు తెచ్చింది. మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "పెళ్లినాటికి ఈ వీధిలో తిన్నగా ఉన్నవాడు ఒక్కడూ మిగలడు" అంటోంది.

ఆఖరికి తేల్చుకున్నాను. ముందు దణ్ణం. ఆయన చెయ్యి చాపితే చెయ్యి. ఆ మీద కొంచెం వంగడం. మీ అమ్మని తీసుకెళ్లడం లేదు, నన్ను చూసి నవ్వేస్తుంది.

సర్వసన్నద్ధుడైన,
మీ నాన్న


షాపు మేడ మీద గది

నాన్నకు,

అమ్మని తీసుకెళ్లు. దయచేసి అమ్మని తీసుకెళ్లు.

నీ చిట్టి


మన ఇల్లు

చిట్టితల్లికి,

మేం క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను.

ఆయన్ని చూశాను. రైలు సమయానికే వచ్చింది. ఎండ పెద్దగా లేదు. ఆయన చొక్కా చాలా తెల్లగా ఉంది. మనిషి నువ్వు రాసినట్టే పొడుగు.

మీ అమ్మ పంపిన అరటిపళ్లు ఇంటికి తిరిగొచ్చాయి. తింటున్నాం.

మీ నాన్న


షాపు మేడ మీద గది

నాన్నకు,

అరటిపళ్లు తింటున్నారా? ఇక్కడ నాకు అన్నం దిగడం లేదు!

ఏం చేశావు నాన్నా ప్లాట్‌ఫాం మీద? ఆయన దగ్గర్నుంచి కొడుక్కి ఉత్తరం వచ్చింది. ఆయన ఉత్తరం రాయడమే ఒక వింత. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "పెద్దమనిషి కనపడ్డాడు. నన్ను చూశాడు. పది అడుగుల దూరంలో స్తంభంలా నిలబడ్డాడు. రైలు కదిలేదాకా పలకరించలేదు. పిల్లనివ్వడం ఇష్టం లేకపోతే ఇంట్లో కూర్చుని చెప్పొచ్చు. ఆ ఇంటి గుమ్మం నేను తొక్కను."

నువ్వా! వీధిలో కుక్క ఎదురొచ్చినా కుశలం అడిగే మనిషివి నువ్వు! పోస్టుమ్యాన్‌ని తలతో కుమ్మినవాడివి! ఆయన ముందు నోరు పెగల్లేదా? ఇతను షాపుకి వచ్చి ఫ్రేము వదులైందని కూడా అనకుండా కూర్చుంటున్నాడు. "మీ నాన్నకి నిజంగానే ఇష్టం లేదా?" అని నిన్న అడిగాడు. నీ ఉత్తరంలో ఆయన చొక్కా తెలుపు తప్ప ఏమీ లేదన్నాను.

నిజం రాయి. మొత్తం రాయి.

నీ చిట్టి


మన ఇల్లు,
పెరట్లో (మీ అమ్మ లోపలికి రానివ్వడం లేదు)

తల్లీ,

ఇష్టం లేకపోవడమా! ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందమ్మా! నీ పెళ్లి మాట విన్న దగ్గర్నుంచీ నేను నడవడం మానేసి గెంతుతున్నాను. జరిగింది చెబుతాను. నవ్వుకో, తిట్టుకో, నమ్ము మాత్రం.

రైలు ఆగింది. తెల్ల చొక్కా దిగింది. సంచీ భుజానికి తగిలించుకుని, రెండు చేతులూ సిద్ధం చేసుకుని, దణ్ణం పెట్టడానికి నేను గబగబా ముందుకి పడ్డాను. ఆయన నావైపు తిరిగాడు. తిరిగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

నా కాళ్లు ఆగిపోయాయి.

మా రేవులో సిగ్నల్ మనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడంటే ఒకటే అర్థం: "నా దగ్గర సిగ్నల్ లేదు. ఎక్కడివాళ్లు అక్కడే." పైన బరువు వేలాడుతూ ఉంటుంది. ఆ చేతులు మళ్లీ ముందుకొచ్చేదాకా డ్రైవరు కదపడు, కూలీ కదలడు, కింద ఉన్నవాడు తుమ్ము కూడా ఆపుకుంటాడు. కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం తిట్టి మరీ నేర్పినవాణ్ణి నేనే. బుర్ర అరుస్తోంది: "ఒరేయ్, ఆయన నీ వియ్యంకుడురా, క్రేను కాదు!" కాళ్లు వినిపించుకోవడం లేదు. ఆయన చేతులు ముందుకి తెస్తే కదులుదామని నేను. నేను కదిలితే మాట్లాడదామని ఆయన. మధ్యలో ఒక టీ అమ్మేవాడు అటూ ఇటూ మా ఇద్దరి మొహాలూ చూసి, పోట్లాట అనుకుని తప్పుకున్నాడు. ఆఖరికి గార్డు విజిల్ వేశాడు, ఆయన ఎక్కేశాడు. రైలు వెళ్లాక నేను దణ్ణం పెట్టాను. ఖాళీ పట్టాలకి!

సిగ్గేసి నీకు రాయలేదు. కొంచెం మనసు నొచ్చుకుందని కూడా చెప్పాలి. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడే, నేనంత లోకువా అనిపించింది. మీ అమ్మకి చెబితే ముందు పడీపడీ నవ్వింది. తర్వాత, "పిల్ల పెళ్లిని ప్లాట్‌ఫాం మీద పాతేసి వచ్చారు, వెళ్లి తవ్వుకు రండి" అని తలుపేసుకుంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆయన చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకున్నాడు? నువ్వు రాసి కొట్టేసిన ఆ సంగతి ఏమిటి?

మీ నాన్న


షాపు మేడ మీద గది

నాన్నకు,

నీ ఉత్తరం ఇతనికి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వి నవ్వి, తర్వాత నేను ఏడ్చాను, తర్వాత మళ్లీ నవ్వాం. కింద షాపు యజమాని పైకొచ్చి, అద్దాలేమైనా పగిలాయా అని అడిగాడు.

సరే, కొట్టేసింది మళ్లీ రాస్తున్నాను. చెప్పనని ఇతనికి మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను.

నాన్నా, ఆయన చేతులు నీలంగా ఉంటాయి. మోచేతుల దాకా, గోళ్లలో, గీతల్లో, అన్నిచోట్లా. చిన్నప్పటి నుంచీ నీలం తొట్టిలో చేతులు పెట్టి బట్టలు అద్దిన మనిషి. ఎంత తోమినా పోదు, ఎవరికీ అంటదు కూడా. కానీ ఒకసారి ఎక్కడో ఒక గొప్పాయన ఈయనతో చెయ్యి కలిపి, వెంటనే జేబులోంచి రుమాలు తీసి తుడుచుకున్నాడట. అందరి ఎదుటా. ఆ రోజు నుంచీ కొత్తవాళ్లు కనిపిస్తే ఆ చేతులు వెనక్కి వెళ్లిపోతాయి. నాకు టీ ఇచ్చినప్పుడు కూడా గ్లాసు నేరుగా ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, నేను కిటికీలోంచి చూస్తున్నప్పుడు నావైపు జరిపారు.

ఆయన నిన్ను లోకువ చెయ్యలేదు నాన్నా. నీ ముందు లోకువ కాకూడదనుకున్నారు.

నువ్వు ముందు ఆయన్ని చూడాలి, చేతుల్ని తర్వాత చూడాలి అనుకుని దాచాను. దాచకుండా ఉంటే నువ్వు స్తంభమయ్యేవాడివి కాదు. ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

నీ చిట్టి


అద్దకం షెడ్డు,
బోర్లించిన బకెట్ మీంచి

చిట్టితల్లీ, బంగారుతల్లీ, నా తల్లీ!

కాగితం మీద మరకలు చూసి భయపడకు. అవి నావే! నీ ఉత్తరం అందగానే చొక్కా కూడా మార్చుకోకుండా రైలెక్కాను. "ఏం చెబుతారు ఆయనకి?" అని మీ అమ్మ వీధి చివరిదాకా వెంటపడి అడిగింది. తెలిస్తేగా చెప్పడానికి! దారంతా వంగాలా, చెయ్యి చాపాలా అని ఎదుటి సీటాయన మీద ప్రయత్నించాను. ఆయన వేరే పెట్టెలోకి మారిపోయాడు.

షెడ్డు తలుపు తీసే ఉంది. పనివాళ్లు భోజనాలకి వెళ్లినట్టున్నారు. నేలలోకి దింపిన పెద్ద తొట్టి, దాని పక్కన మోకాళ్ల మీద ఆయన. రెండు చేతులూ మోచేతుల పైదాకా రంగులో ఉన్నాయి. తలెత్తి నన్ను చూశాడు. ఆ చేతులు వెనక్కి వెళ్లబోయాయి తల్లీ, నేను చూశాను. వెళ్లలేకపోయాయి. వదిలితే బట్ట మునిగిపోతుంది.

"ఎవరది?"

"నేనండీ. ప్లాట్‌ఫాం మీద..."

"ఓ. స్తంభం."

"అవునండీ, స్తంభాన్నే."

నేను దణ్ణం పెట్టబోయాను. అంతలో ఆయన గావుకేక పెట్టాడు: "చూస్తూ నిలబడతారా మళ్లీ! ఆ అంచు జారిపోతోంది, పట్టుకోండి!"

పట్టేసుకున్నాను. "చొక్కా చేతులు మడవండి!" అన్నాడు. మడిచే వ్యవధి ఎక్కడుంది? భుజాల దాకా దిగిపోయాను. బారెడు బారెడు బట్ట పైకి లాగాం. బట్ట తొట్టిలోంచి పచ్చగా వచ్చి, గాలి తగలగానే మన కళ్లముందే నీలమైపోతుంది తెలుసా! నేను "ఓహో!" అని అరిచాను. ఆయన, "నోరు కాదు, చెయ్యి ఆడించండి" అన్నాడు.

ఇక పిండాలి. ఆ చివర ఆయన, ఈ చివర నేను, ఎదురుబొదురుగా. "కుడికి తిప్పండి" అన్నాడు. తిప్పాను. ఒక్క చుక్క రాలేదు! ఆయన తిప్పినకొద్దీ నేనూ తిప్పుతున్నాను, బట్ట మొత్తం పొర్లుతోంది తప్ప మెలి పడటం లేదు.

"కుడికండీ!"

"కుడికేనండీ!"

"అది నా కుడి! మీ కుడికి!"

ఏం చెయ్యను తల్లీ? క్రేను డ్రైవరుకి ఎదురుగా నిలబడి బతికినవాణ్ణి. కుడి అంటే ఎప్పుడూ ఎదుటివాడి కుడే నాకు. నేను అటూ ఇటూ తడబడుతుంటే ఆయన మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి, ఒక్కసారి షెడ్డు అదిరిపోయేలా అరిచాడు:

"మీ కుడికి బావగారూ, మీ కుడికి! గట్టిగా!"

బావగారూ అన్నాడే! నన్నే! నేను ఏడుస్తూ నా కుడికి తిప్పాను. నీళ్లు జలజలా కారాయి. రంగువో, నావో తెలియలేదు.

బట్ట ఆరేశాక నా కాళ్లు ప్లాట్‌ఫాం మీద ఎందుకు అతుక్కుపోయాయో చెప్పాను.  ఆయన నవ్వడం మొదలుపెట్టి, తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "నేనేమో మీకు నా చేతులు..." అని ఆగిపోయాడు. నేను నా రెండు చేతులూ చాపి చూపించాను. మీవి కొత్త రంగు, నావి పాత రంగు అన్నట్టు తన చేతులు పక్కన పెట్టి పోల్చి చూసుకుని, పెదవి విరిచాడు. "అద్దకం సమంగా లేదు" అన్నాడు.

పెళ్లికి వస్తారా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఊరికే, "ఈ బట్ట ఎవరికండీ?" అన్నాను.

"మీ అమ్మాయికి. పెళ్లికి."

"మరి నా మీద కోపం?"

"కోపం మీ మీద. పిల్ల మీద కాదుగా. ఎప్పుడో మొదలుపెట్టాను. రోజుకొక మునక."

తల్లీ, ఇంతకీ మేం ఒకరినొకరం పలకరించుకోనేలేదు! సాయంత్రం టీ తాగుతుంటే గుర్తొచ్చి చెప్పాను. ఆయన గ్లాసు నా చేతికిస్తూ, "ఇప్పుడెందుకులెండి" అన్నాడు.

ఈ కింద ఖాళీ ఆయనకోసం వదులుతున్నాను. రాయమంటే రాయనన్నాడు, ఇప్పుడేమో కలం లాక్కుంటున్నాడు.

నీ నాన్న


అమ్మాయికి,

మీ నాన్నగారికి కుడి ఎడమలు తెలియవు. పెళ్లిలోపు నేర్పుతాను. నాలుగు రోజులు ఇక్కడే ఉంచుకుంటున్నాను. మీ అమ్మగారికి కబురు చేశాను, ఆవిడ కూడా వస్తారు. మావాణ్ణి ఫ్రేము బిగించుకుని బయల్దేరమను.

బట్ట బాగా వచ్చింది. అంచున ఒకచోట రంగు తక్కువ పట్టింది. నాలుగు వేళ్ల వెడల్పు. మీ నాన్నగారు గట్టిగా పట్టేసుకున్న చోటు అది. ఇంకోసారి ముంచితే పోతుంది.

ముంచను.